జ్వరం దిగింది సరే, బిడ్డ తేరుకుందా?

2019 సెప్టెంబరు. వినాయక చవితి వెళ్ళి వారం కూడా కాలేదు. మా ఆరేళ్ళ మనవరాలికి జ్వరం వచ్చి అది అయిదవ రోజు. నాలుగు రోజుల పాటు 103 డిగ్రీల చుట్టూ తిరిగిన జ్వరం ఆనాటి తెల్లవారుజామున దిగింది. నుదుటి మీద చేయి వేసి చూశాను. చల్లగా తగిలింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాడిని, ఎందరి పిల్లల జ్వరాలనో చూసినవాడిని. "ఇక గండం గడిచింది. పథ్యానికి మిరియాల చారు పెట్టు" అని మా ఆవిడతో చెప్పి పూజకు కూర్చున్నాను.

పది నిమిషాలకు మా కోడలు గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక కాగితం. "మామయ్యగారూ, జ్వరం దిగింది కానీ పాప రాత్రి పది గంటల నుంచి ఒంటేలుకు వెళ్ళలేదు. తెల్లవారి రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపు నొప్పి అంటోంది. ఒక్కసారి చేతులు చూడండి" అంది.

వెళ్ళి చూశాను. పొట్ట వెచ్చగా ఉంది. అరచేతులు, పాదాలు మాత్రం మంచులా ఉన్నాయి. వేలి గోరు నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగి రాలేదు. బిడ్డ నన్ను చూసి కళ్ళు మూసుకుంది. పూజ అక్కడే వదిలి, అరగంటలో ఆసుపత్రికి చేర్చాము. డెంగీ అని తేలింది. రక్తనాళాలలోని ద్రవం బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడిందని, ఇంకొక పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఒకటిన్నర రోజు సెలైన్ మీద ఉంచారు. మూడవ రోజు పొద్దున పాప లేచి కూర్చుని, చవితినాటి ఉండ్రాళ్ళు ఇంకా ఉన్నాయా అని అడిగింది.

వైద్యుడినైన నేను థర్మామీటరును నమ్మాను. వైద్యం చదవని మా కోడలు బిడ్డను చూసింది. పిల్లల వైరస్ జ్వరాల గురించి నేను చెప్పదలచినది అంతా ఈ భేదంలోనే ఉంది. జ్వరం ఎంత ఉందన్నది ఒక అంకె మాత్రమే. బిడ్డ ఎలా ఉందన్నది అసలు పరీక్ష.

మాటలు రాని బిడ్డ చెప్పే రోగం

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. ఆయుర్వేదంలో బాలవైద్యానికి ప్రధాన గ్రంథం కాశ్యప సంహిత. నేపాలులో లభించిన ప్రతి ఆధారంగా ఇది 1938లో ముద్రితమైంది. అందులో వేదనాధ్యాయమని ఒక అధ్యాయం ఉన్నది. నోట మాట రాని శిశువుకు ఏ అవయవంలో బాధ కలిగిందో వైద్యుడు ఎలా గ్రహించాలన్నదే అందులోని విషయం. తలనొప్పి ఉన్న శిశువు తలను మాటిమాటికీ కదుపుతుంది, కళ్ళు మూసుకుంటుంది, నిద్రపోదు. చెవిపోటు ఉంటే చేతులతో చెవులు తడుముకుంటుంది. నోటిలో వ్యాధి ఉంటే చొంగ అధికంగా కారుతుంది, పాలంటే విముఖత చూపుతుంది. జ్వరం రాబోయే శిశువు ఆవలిస్తుంది, దగ్గుతుంది, ఉన్నట్టుండి పెంచేవారిని కరచుకుపోతుంది.

రక్త పరీక్షలు లేని కాలంలో వైద్యునికి కళ్ళే సాధనాలు. నేడు పరీక్షలు వచ్చాయి, మంచిదే. కాని ఇరవై నాలుగు గంటలూ బిడ్డ ప్రక్కన ఉండేది ప్రయోగశాల కాదు, తల్లి. ఆమె చూపుకు కొంత శిక్షణ తోడైతే అంతకు మించిన రోగ నిర్ణయ సాధనం ఇంట్లో మరొకటి ఉండదు.

వైరస్ జ్వరమని ఎలా తెలుస్తుంది?

పిల్లలకు వచ్చే జ్వరాలలో అధిక భాగం వైరస్‌ల వలన కలిగేవే. బడికి వెళ్ళడం మొదలుపెట్టిన పసివాడికి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం సహజం. అది బలహీనతకు గుర్తు కాదు. శరీరం ఒక్కొక్క వైరస్‌నూ పరిచయం చేసుకుంటూ రక్షణ శక్తిని కూడగట్టుకునే కాలమది.

సాధారణ వైరస్ జ్వరానికి కొన్ని లక్షణాలు ఉంటాయి. ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర, కళ్ళు ఎర్రబడటం, ఒళ్ళు నొప్పులు వంటివి కలిసి కనిపిస్తాయి. ఇంట్లో మరొకరికో బడిలో ప్రక్క పిల్లవాడికో ఆ వారంలోనే వచ్చి ఉంటుంది. జ్వరం పెరిగినప్పుడు బిడ్డ వడలిపోతుంది. తగ్గగానే లేచి బొమ్మల కోసం వెతుకుతుంది. ఈ చివరి లక్షణం చాలా ముఖ్యమైనది. జ్వరం దిగినప్పటికీ బిడ్డ లేవకుండా మూలుగుతూ ఉంటే అది సాధారణ జ్వరం కాదని అనుమానించాలి.

జ్వరం 103 ఉంటే బాక్టీరియా, 100 ఉంటే వైరస్ అని చెప్పడానికి వీలు లేదు. చీమిడి పచ్చగా చిక్కబడితే యాంటీబయాటిక్ వాడాలన్నది కూడా అపోహయే. మామూలు జలుబులో సైతం మూడు నాలుగు రోజులకు చీమిడి రంగు మారుతుంది. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియా అనే సూక్ష్మజీవి గోడను, దాని లోపలి యంత్రాంగాన్ని దెబ్బతీస్తాయి. వైరస్‌కు అటువంటి గోడ లేదు, సొంత యంత్రాంగమూ లేదు. అది మన కణాలలో దూరి మన సామగ్రితోనే పెరుగుతుంది. అందువలన ఆ మందు దానినేమీ చేయలేదు. పైగా కడుపులోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి విరేచనాలు కలిగిస్తుంది.

అయితే జలుబు లేకుండా జ్వరం ఒక్కటే మూడు రోజులు దాటినా, మూత్రం పోసేటప్పుడు బిడ్డ ఏడ్చినా, చలితో వణుకుతూ జ్వరం వచ్చినా మలేరియా, టైఫాయిడ్, మూత్రకోశ వ్యాధి వంటివి చూడవలసి ఉంటుంది. అప్పుడు పరీక్షలు అవసరం.

దద్దురును బట్టి గుర్తించడం

కొన్ని వైరస్ వ్యాధులు చర్మం మీద తమ పేరు తామే వ్రాసుకుంటాయి.

తట్టు: మొదట తీవ్ర జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రని కళ్ళు. మూడు నాలుగు రోజుల తరువాత చెవుల వెనుక, ముఖం మీద ఎర్రని దద్దురు మొదలై క్రిందికి దిగుతుంది. మాధవ నిదానంలో రోమాంతిక అనే పేరుతో వర్ణించిన వ్యాధి ఇదే. ముందు జ్వరం వస్తుందని, దగ్గు, అరుచి ఉంటాయని, రోమకూపాల వద్ద ఎర్రగా లేస్తుందని మాధవకరుడు గమనించాడు. తట్టును తేలికగా తీసుకోరాదు. దాని వెనుకనే న్యుమోనియా, విరేచనాలు, చెవిలో చీము, కంటి దెబ్బ రావచ్చు. తట్టు సోకిన పిల్లలకు వైద్యుని పర్యవేక్షణలో విటమిన్ ఎ రెండు రోజులు వరుసగా ఇవ్వాలి. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 2 లక్షల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల శిశువుకు లక్ష యూనిట్లు. ఇది చూపును కాపాడుతుంది, ప్రాణాన్నీ కాపాడుతుంది.

ఆటలమ్మ: దీనినే చిన్నమ్మవారు అని కూడా అంటారు. నీటి పొక్కులు ఎక్కువగా ఛాతీ, వీపు, ముఖం మీద మొదలవుతాయి. ఒకే చోట ఎర్రని మచ్చ, నీటి పొక్కు, ఎండిన పక్కు మూడూ కలిసి ఉండటం దీని గుర్తు. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ పక్కు కట్టేవరకు ఇతరులకు అంటుతుంది.

నోరు, చేతులు, పాదాల వ్యాధి: హ్యాండ్ ఫుట్ మౌత్ అని వైద్యులు పిలిచే దీనిని చాలామంది ఆటలమ్మ అనుకుంటారు. అరచేతులు, అరికాళ్ళు, పిరుదుల మీద చిన్న పొక్కులు, నోటిలో పుండ్లు వస్తాయి. నోటి బాధ వలన బిడ్డ ఏమీ త్రాగకపోవడమే ఇందులోని చిక్కు. చల్లని మజ్జిగ, చల్లార్చిన గంజి చెంచాతో పట్టాలి.

గవదబిళ్ళలు: చెవి క్రింద దవడ వద్ద వాపు, నమిలేటప్పుడు నొప్పి. తీవ్రమైన తలనొప్పి, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం వస్తే మెదడు పొరలకు సోకిందేమో చూడాలి. యుక్తవయసు మగపిల్లలలో వృషణాల వాపు వచ్చినా వైద్యునికి చూపించాలి.

ఇంటికి అమ్మవారు వస్తే గుమ్మానికి వేపాకు కట్టడం, రాకపోకలు మానడం మన ఆచారం. వ్యాధి ప్రాకకుండా ఆ కట్టుబాటు ఎన్నో ఇళ్ళను కాపాడింది. లేత వేపరెమ్మలతో ఒళ్ళు నిమరడం వలన దురదకు కొంత ఊరట కలుగుతుంది. అయితే మందు వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని జ్వరానికి, ఆయాసానికి చికిత్స మానడం, ఉప్పు, పప్పు లేకుండా చప్పిడి మెతుకులు పెట్టడం తగదు. తట్టు సోకిన బిడ్డకు మామూలుకన్నా ఎక్కువ పోషణ కావాలి. గోరువెచ్చని నీటితో రోజూ స్నానం చేయించవచ్చు. గోళ్ళు కత్తిరించాలి. లేనిచో గీరిన పొక్కులు చీము పట్టి మచ్చలు మిగులుతాయి.

వంటింటి చికిత్స

వైరస్ జ్వరాలలో చాలావాటికి వైరస్‌ను చంపే మందు లేదు, అవసరమూ లేదు. బిడ్డ శరీరమే దానిని జయిస్తుంది. ఆ యుద్ధం జరిగినన్నాళ్ళు నీరు, ఆహారం, విశ్రాంతి అందించడమే చికిత్స. దీనిని తక్కువ పనిగా భావించరాదు.

జ్వరం మొదట్లో లంఘనం మంచిదని మన శాస్త్రం చెప్పిన మాట నిజమే. అయితే బాలురకు, వృద్ధులకు, గర్భిణులకు, దుర్బలులకు ఉపవాసం తగదని కూడా అదే శాస్త్రం చెప్పింది. పిల్లలకు కావలసినది లఘువైన ఆహారం.

1. గంజి: పాత బియ్యం దోరగా వేయించి, రవ్వగా విసిరి, నీరు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించి, చిటికెడు ఉప్పు వేసి గంటకొకసారి కొంచెం కొంచెంగా త్రాగించాలి.

2. పెసరకట్టు: పెసరపప్పు ఉడికించిన నీటిని తేర్చి, ఉప్పు, జీలకర్ర, చిన్న శొంఠి ముక్క వేసి కాచి ఇవ్వాలి. కోలుకునే రోజులలో ఇది బలాన్నిస్తుంది.

3. షడంగ పానీయం: చరక సంహితలోని జ్వర చికిత్సలో చెప్పినది. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేరు, చందనం, కురువేరు, శొంఠి సమభాగాలుగా దంచి ఉంచుకోవాలి. పది గ్రాముల పొడిని ముప్పావు లీటరు నీటిలో సగం మిగిలేవరకు కాచి వడకట్టి, రెండేళ్ళు దాటిన పిల్లలకు దాహమైనప్పుడు రెండు మూడు చెంచాల చొప్పున ఇవ్వవచ్చు. ఏనాటిది ఆనాడే కాచుకోవాలి.

4. దగ్గుకు: ఏడాది నిండిన పిల్లలకు పడుకోబోయే ముందు అర చెంచా తేనె, లేదా పది తులసి ఆకుల రసంలో కలిపిన తేనె. రాత్రి దగ్గును తేనె తగ్గిస్తుందని ఆధునిక పరిశోధనలలోనూ తేలింది. ఏడాదిలోపు శిశువుకు మాత్రం తేనె నాలుకకు కూడా రాయరాదు. అందులో ఉండగల ఒక బాక్టీరియా బీజాలు శిశువు ప్రేగులలో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని తయారు చేస్తాయి.

5. విరేచనాలకు: ఓ.ఆర్.ఎస్. పొడిని పొట్లం మీద వ్రాసిన కొలత ప్రకారమే నీటిలో కలపాలి. అది దొరికేలోగా లీటరు నీటికి ఆరు సమతల చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. దీనితో పాటు ఆరు నెలలు దాటిన బిడ్డకు వైద్యుడు చెప్పిన జింకు మందును, రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా 14 రోజులు ఇవ్వాలి.

తల్లిపాలు త్రాగే శిశువుకు ఏ వ్యాధిలోనూ పాలు మాన్పించరాదు. మరింత తరచుగా పట్టాలి.

జ్వరం వలన బిడ్డ బాధపడుతుంటే పారాసిటమాల్ ఇవ్వడంలో దోషం లేదు. ఆయుర్వేద వైద్యుడినైనా నేనూ అదే చెబుతాను. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. ఒక జాగ్రత్త ఉన్నది. ఈ మందు 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు ఉండేదిగానూ, 250 ఉండేదిగానూ దొరుకుతుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. చుక్కల మందును చెంచాలతో పోస్తే కాలేయానికే ముప్పు. సీసా మీది అంకె చదివి, దానితో వచ్చిన కొలత మూతనే వాడాలి.

మంచిదనుకొని చేసే చెడు

మన ఇళ్ళలో ప్రేమతో జరిగే కొన్ని పొరపాట్లు ఉన్నాయి. పెద్దవారిని నొప్పించకుండానే వీటిని మాన్పించాలి.

శిశువు ముక్కులో ఆముదమో కొబ్బరినూనెయో వేయడం వలన ఆ నూనె ఊపిరితిత్తులలోకి జారి, మందులకు లొంగని ఒక రకం న్యుమోనియా వస్తుంది. ముక్కు దిబ్బడకు మందుల దుకాణంలో దొరికే సెలైన్ చుక్కలు చాలు. పసిబిడ్డ ఛాతీకి, ముక్కుకు కర్పూర తైలం పూయరాదు. కర్పూరం చర్మం ద్వారా, శ్వాస ద్వారా లోపలికి చేరి ఫిట్స్ తెప్పించగలదు. వస కొమ్ము అరగదీసి నాకించడం, సాంబ్రాణి పొగ పట్టడం, మరిగే నీళ్ళ గిన్నె ముందు కూర్చోబెట్టి ఆవిరి పట్టడం కూడా పిల్లలకు తగవు. ఆవిరి గిన్నె ఒలికి ఒళ్ళు కాలిన పసివారిని నేను కళ్ళారా చూశాను. డొక్కలెగరేస్తున్న బిడ్డకు వాతలు పెట్టించడం వలన రోగం తగ్గదు; పుండు మిగులుతుంది, విలువైన సమయం పోతుంది. పాదరసం, సీసం వంటి లోహాలతో చేసిన రసౌషధాలను ఎవరో చెప్పారని పిల్లలకు ఇవ్వరాదు.

ఇంగ్లీషు మందులలోనూ ఇటువంటివి ఉన్నాయి. జ్వరంలో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఆటలమ్మ, ఫ్లూ వంటి వ్యాధులలో అది కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే ప్రమాదం ఉన్నది. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకుండా భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. డెంగీ అనుమానం ఉన్న కాలంలో ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆసిడ్ కూడా ఇవ్వరాదు. అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

జ్వరంలో ఫిట్స్ వస్తే, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలలో ఇది అరుదు కాదు, బిడ్డను ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోటిలో చెంచా గాని నీళ్ళు గాని పెట్టరాదు. చేతిలో తాళాలు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పట్టడం వలన ప్రయోజనం లేదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి. తొందరగా ఆగినప్పటికీ, మొదటిసారి వస్తే ఆనాడే వైద్యునికి చూపించాలి.

డెంగీ: జ్వరం దిగేవేళ జాగ్రత్త

మా ఇంట్లో జరిగినదానికి కారణం ఇదే. డెంగీలో మొదటి మూడు నాలుగు రోజులు తీవ్ర జ్వరం, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళు నొప్పులు ఉంటాయి. సాధారణంగా మూడు నుంచి ఏడవ రోజు మధ్య జ్వరం దిగుతుంది. కొందరిలో అప్పుడే రక్తనాళాల గోడలు సడలి, లోపలి ద్రవం కడుపులోకి, ఛాతీలోకి ఊరిపోతుంది. ఈ అపాయ కాలం ఇరవై నాలుగు నుంచి నలభై ఎనిమిది గంటలు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే సమయమే వ్యాధి కాటు వేసే సమయం కావడం దీనిలోని కపటం.

ఆ రెండు రోజులలో ఈ గుర్తులను కనిపెట్టి ఉండాలి. తీవ్రమైన కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి గాని ముక్కు నుంచి గాని రక్తం, మలం నల్లగా రావడం, చేతులు కాళ్ళు చల్లబడటం, మూత్రం తగ్గడం, మగత లేదా విపరీతమైన చికాకు. గోరును అయిదు సెకన్లు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే ఆలస్యం చేయరాదు.

మొదటి అయిదు రోజులలో ఎన్.ఎస్.1 పరీక్ష, ఆ తరువాత ఐ.జి.ఎమ్. పరీక్ష డెంగీని నిర్ధారిస్తాయి. ప్లేట్‌లెట్ల అంకె కోసం ఇంటిల్లిపాది ఆరాటపడుతుంది గాని, పిల్లల ప్రాణాన్ని ఎక్కువగా నిలిపేది సరైన సమయంలో, సరైన మోతాదులో ఎక్కించే సెలైన్.

బొప్పాయి ఆకు రసం సంగతి చాలామంది అడుగుతారు. డెంగీలో ప్లేట్‌లెట్లు కొన్ని రోజులు తగ్గి తమంతట తామే పెరుగుతాయి. పెరిగేనాటికి ఏ మందు ఇస్తున్నామో దానికే ఆ పేరు దక్కుతుంది. పిల్లల కామెర్లకు పసరు మందు పేరు తెచ్చుకున్నదీ ఈ విధంగానే. వాటిలో ఎక్కువ భాగం విశ్రాంతితోనే తగ్గుతాయి. జలుబుకు యాంటీబయాటిక్ కూడా అంతే. నా కషాయాలలో కొన్నింటికి వచ్చిన మంచి పేరు సైతం ఇదే కోవకు చెందుతుందని ఒప్పుకోవడానికి నేను వెనుకాడను. వాంతులు అవుతున్న బిడ్డకు ఆ చేదు రసం బలవంతాన పట్టించి, ఉన్న నీరు కూడా కక్కించడం మాత్రం హానికరం.

వంటింటి తలుపు మీది కాగితం

మా కోడలు చేతిలోని కాగితంలో అయిదు గడులు ఉన్నాయి. సమయం, జ్వరం, త్రాగినది, మూత్రం, ఆట. చివరి గడిలో "బొమ్మ అడిగింది", "పిలిస్తే పలికింది", "కళ్ళు తెరవలేదు" వంటి మాటలు. ఆసుపత్రి డాక్టరుగారు రక్త పరీక్ష చూడకముందే ఆ కాగితం చదివి, "ఇది వ్రాసినవారు ఎవరండీ?" అని అడిగారు. నా వద్దకు వచ్చే ప్రతి తల్లికీ ఇప్పుడు నేను మొదట వ్రాసిచ్చేది మందు కాదు, ఈ అయిదు గడులు.

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్ళవలెను.

1. మూడు నెలల లోపు శిశువుకు 100.4 డిగ్రీలు, అంతకు మించిన జ్వరం.

2. ఆయాసం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పూర్తిగా లెక్కించాలి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40 శ్వాసలు, అంతకు మించినా. డొక్కలు లోపలికి లాక్కుపోతున్నా.

3. ఏమీ త్రాగలేకపోవడం, త్రాగినదంతా కక్కడం, ఆరు నుంచి ఎనిమిది గంటలు మూత్రం రాకపోవడం.

4. లేపినా లేవని మగత, ఫిట్స్, మెడ బిగుసుకోవడం.

5. వేలితో నొక్కినా రంగు మారని ఊదా మచ్చలు, ఎక్కడి నుంచైనా రక్తస్రావం.

6. జ్వరం దిగినా బిడ్డ తేరుకోకపోవడం, లేదా తగ్గిన జ్వరం రెండు మూడు రోజులకు మళ్ళీ తిరగబెట్టడం.

రాకుండా చూసుకోవడం

నా బాల్యంలో మశూచి మచ్చలున్న ముఖాలు ప్రతి వీధిలోనూ కనిపించేవి. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980 నాటికి అది ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. 2014లో భారతదేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది. ఈ రెండు విజయాలూ టీకాలవే. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య ఒకసారి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండవసారి వేయించాలి. పసిబిడ్డల విరేచనాలకు ముఖ్య కారణమైన రోటా వైరస్ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో 2016లో మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదులో తయారయ్యే స్వదేశీ రోటా టీకా కూడా ఉన్నది. ఆరు, పది, పద్నాలుగు వారాలకు దీనిని చుక్కలుగా ఇస్తారు. వీటితో పాటు సబ్బుతో చేతులు కడగడం, వారానికి ఒకరోజు కూలరు, పూలకుండీల పళ్ళాలు, నీటి తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టడం ప్రతి ఇల్లూ చేయగల పనులు. డెంగీ దోమ మురుగులో కాదు, మనం నిలవ చేసుకున్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది, పగటివేళ కుడుతుంది.

మా మనవరాలు ఇప్పుడు హైస్కూలులో చదువుతోంది. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా తానే స్కేలు పెట్టి అయిదు గడులు గీసి వంటింటి తలుపుకు అంటిస్తుంది. మొన్న నాకు జలుబు చేసి జ్వరం వచ్చినప్పుడు కూడా గీసింది. మూడవనాడు జ్వరం దిగిందని నేను మంచం దిగబోతే, "తాతయ్యా, జ్వరం దిగింది సరే. ముందు మంచినీళ్ళు ఎన్నిసార్లు త్రాగావో చెప్పు" అని అడిగింది. చెప్పాను. వ్రాసుకుంది.